నాలుగు గిన్నెలు.. ఒక పట్టకారు

ట్రిప్ అనగానే మన బ్యాచ్ చేసే మొదటి పని వాట్సాప్ గ్రూప్ పెట్టడం. రెండోది ఎక్సెల్ షీట్ తెరవడం. దారి, బుకింగ్‌లు, ఫొటో పాయింట్లు, ఎవరి వాటా ఎంత.. అన్నిటికీ ఒక్కో కాలమ్ ఉంటుంది. వంట గిన్నెలకి మాత్రం ఉండదు. బయల్దేరే ముందు రోజు రాత్రి వంటింట్లో చేతికందినవన్నీ అట్టపెట్టెలోకి వెళ్లిపోతాయి. తీరా అక్కడికెళ్లి చూస్తే గిన్నె ఉంటే మూత ఉండదు, మూత ఉంటే గరిటె ఉండదు. ఈ వారం కబుర్లన్నీ ఆ ఖాళీ కాలమ్ గురించే.

ఈ వేసవిలో అమ్మానాన్న మొదటిసారి అమెరికా వచ్చారు. వాళ్లని, తమ్ముణ్ని తీసుకుని డాలస్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి ఫ్లైట్‌లో వెళ్లి, అక్కడ ఆర్వీ అద్దెకి తీసుకుని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ చూసొచ్చాం. ఆర్వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. మంచాలు, ఫ్రిజ్, గ్యాస్ స్టవ్, సింకు, బాత్రూమ్ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. మనకి ఇదేం కొత్త కాదు లెండి. గుండిగలు, గ్యాస్ సిలిండర్లు, వంటమనిషితో సహా బయల్దేరే కాశీ యాత్ర బస్సులు మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి. కాకపోతే అక్కడ వండేవాళ్లు వేరే ఉంటారు. ఇక్కడ మనమే.

'వంట ఎందుకు, రెస్టారెంట్లు లేవా?' అంటారా? ఎల్లోస్టోన్ దాదాపు 9 వేల చదరపు కిలోమీటర్లు. హోటళ్లు అక్కడొకటి, ఇక్కడొకటి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. నాన్నకి షుగర్. మాత్ర వేసుకున్నాక టైముకి తినాల్సిందే. అమ్మ శనివారం బయట ముద్ద ముట్టదు. కాబట్టి వంట మాకు సరదా కాదు, అవసరం.

ఇక్కడే అసలు చిక్కు. వంట అంటే చాలు, పని అమ్మ ఖాతాలో పడిపోతుంది. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన మనిషి కొండలు, బైసన్ మందలు వదిలేసి అరచేయంత సింకు ముందు నిలబడితే ఆ ట్రిప్ ఎవరి కోసం? నేను గిన్నెల లిస్టు రాయడం మొదలుపెట్టింది ఈ ప్రశ్నతోనే. ఎన్ని గిన్నెలు తీసుకెళ్తున్నాం అంటే, ఎవరో ఒకరు ఎంతసేపు కిటికీకి వీపు పెట్టి నిలబడతారు అని అర్థం.

ముందు మెనూ, తర్వాతే గిన్నె

ఆఫీసులో రిక్వైర్‌మెంట్స్ రాకుండా టూల్స్ కొనం కదా. వంటకీ అంతే. క్యాంపింగ్ షాపుల్లో పదిహేను, ఇరవై వస్తువులున్న 'కుక్ సెట్లు' అమ్ముతారు. అందులో సగం సూపులకీ పాస్తాలకీ తయారుచేసినవి. మనం వండేది వేరు. అన్నం, పప్పు, ఏదో ఒక వేపుడు, పొద్దున్న ఉప్మా లేదా దోశ, రెండు పూటలా టీ. ఐదు రోజుల మెనూ కాగితం మీద రాసి, ఒక్కో వంటకం ఎదురుగా ఏ గిన్నె కావాలో రాశాను. చివరికి తేలింది నాలుగంటే నాలుగే. కుక్కర్, మూకుడు, పెనం, టీ గిన్నె.

మరి పచ్చళ్లు, పొడులు? వాటికి గిన్నెలు అక్కర్లేదు. కందిపొడి, కరివేపాకు పొడి, గోంగూర పచ్చడి ఇంటి దగ్గరే డబ్బాలకెక్కితే ఒక కూర తగ్గినట్టే. ఒక కూర తగ్గితే ఒక గిన్నె తగ్గినట్టే. మిక్సీ అయితే లిస్టులోకే రాలేదు. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ అమెరికా 120 వోల్టుల ప్లగ్గులో ఎలాగూ సరిగ్గా తిరగదు.

కొండ మీద పప్పు ఉడకదు

ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ ఉన్న చోటు సముద్ర మట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. సుమారు ప్రతి 300 మీటర్లకి నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే తెర్లిపోతాయి. మంట ఎంత పెంచినా ఆవిరి ఎక్కువొస్తుంది తప్ప నీళ్ల వేడి పెరగదు. మూతపెట్టిన మామూలు గిన్నెలో కందిపప్పు చాలాసేపు గ్యాస్ తాగుతుంది, ఒక పట్టాన మెత్తబడదు.

ఈ బాధ డార్విన్‌కి కూడా తప్పలేదు. 1835 మార్చిలో ఆయన ఆండీస్ పర్వతాలు దాటుతుంటే రాత్రంతా నిప్పు మీద పెట్టిన బంగాళాదుంపలు తెల్లారాక మళ్లీ ఉడికించినా ఉడకలేదట. వెంట ఉన్న మనుషులిద్దరూ ఆలోచించి, కొత్తగా కొన్న కుండే పాడుదని తేల్చేశారు. దానికి దుంపలు ఉడికించడం ఇష్టం లేదన్నారు! పాపం, కుండ తప్పేం లేదు. ఒత్తిడి లేదంతే.

ఆ ఒత్తిడిని మనం వెంట తీసుకెళ్లొచ్చు. దాని పేరే ప్రెషర్ కుక్కర్. మన కుక్కర్ విజిల్ బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో ఎక్కువ ఒత్తిడిని లోపల ఆపుతుంది. సముద్ర మట్టం దగ్గర లోపలి వేడి 120 డిగ్రీలకి చేరుతుంది. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర బయటి గాలే పలచన కాబట్టి 116 వరకు వస్తుంది. కొంచెం తక్కువే, కానీ పప్పుకి బాగా సరిపోతుంది. 2,000 అడుగులు దాటాక ప్రతి వెయ్యి అడుగులకి కుక్కర్‌లో ఉడికే సమయం 5 శాతం పెంచాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అక్కడి ఎత్తు 7,300 అడుగుల పైమాట కాబట్టి పావు వంతు ఎక్కువ సమయం ఇస్తే చాలు.

అసలు ఆ గీజర్ చేసే పనీ ఇదే. భూమి లోపల సన్నటి గొట్టంలో ఇరుక్కున్న నీళ్లు, పైనున్న నీళ్ల బరువుకి, మరిగే వేడి దాటినా మరగకుండా ఆగుతాయి. ఒత్తిడి సడలగానే ఒక్కసారి ఆవిరై ఎగజిమ్ముతాయి. నాన్నకి ఇలా చెబితే 'అయితే గంటన్నరకో విజిల్ అన్నమాట' అన్నారు. అది ఎగిసేది కూడా సగటున అంత గ్యాప్‌తోనే మరి.

కుక్కర్ ఎంత సైజు? నలుగురికి 5 లీటర్లది. లోపల ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు ఉండాలి. కిందది పప్పు, పైది అన్నం. ఒక మంట మీద రెండు వంటలు. గ్యాస్ సగం, టైము సగం. కుక్కర్ అడుగున ఉన్నవి ఉత్త నీళ్లే కాబట్టి దాన్ని తొలిస్తే సరిపోతుంది.

కరెంటు లెక్క

'ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టేస్తే పోలే?' అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. లెక్క వేద్దాం. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు పాయింట్ ఉంటే మామూలుగా 30 ఆంప్స్, 120 వోల్టులు. మొత్తం 3,600 వాట్లు. ఏసీ సుమారు 1,500, ఇండక్షన్ స్టవ్ 1,800, కెటిల్ 1,500. మూడూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది.

అసలు పాయింటే లేకపోతే? ఎల్లోస్టోన్ లోపలున్న క్యాంప్‌గ్రౌండ్లలో కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్ ఇచ్చేది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్క్ ఒక్కటే. మిగతాచోట్ల బ్యాటరీయే దిక్కు. 1,000 వాట్ల ఎలక్ట్రిక్ కుక్కర్‌ని 12 వోల్టుల బ్యాటరీ మీద నడపాలంటే 83 ఆంప్స్‌కి పైగా లాగాలి. జనరేటర్ వేద్దామంటే రాత్రిపూట వేయనివ్వరు. అందుకే గ్యాస్ మీద పెట్టే కుక్కరే నమ్మకం. కరెంటు ఉన్నా ఉడుకుతుంది, లేకున్నా ఉడుకుతుంది.

ఏ లోహం?

షాపులో అందంగా కనబడేదల్లా ప్రయాణానికి పనికిరాదు. అల్యూమినియం తేలిక. వేడిని స్టీలు కంటే దాదాపు పదిహేను రెట్లు బాగా పాకిస్తుంది. కానీ మన వంటలో చింతపండు, టమాటా, నిమ్మకాయ లేని రోజుండదు. పులుపు తగిలితే ఉత్త అల్యూమినియం నల్లబడుతుంది, రుచి మారుతుంది. స్టీలుకి పులుపుతో పేచీ లేదు. కానీ వేడి ఒక్కచోటే నిలబడి అడుగంటుతుంది. రెండింటి మంచీ కావాలంటే పైనా కిందా స్టీలు, మధ్యలో అల్యూమినియం ఉన్న ట్రైప్లై తీసుకోవాలి. ధర ఎక్కువే. అందుకే ఒక్క మూకుడుకి మాత్రం ఆ ఖర్చు పెట్టండి. ఉప్మా, వేపుడు, గుడ్డు, పులిహోర పోపు అన్నీ అందులోనే.

నాన్‌స్టిక్ కడగడం సులువు, నిజమే. అయితే ఖాళీ పెనం పెద్ద మంట మీద మర్చిపోతే 260 డిగ్రీలు దాటాక ఆ పూత చెడిపోయి పొగలు వదలడం మొదలవుతుంది. ఆర్వీ అంటే చిన్న గది. ఆ గాలే అందరూ పీల్చాలి. పైగా కుదుపులకి గిన్నెలు రాసుకుని పూత గీతలు పడుతుంది. తీసుకెళ్తే మధ్యలో గుడ్డ వేసి పెట్టండి, మంట తగ్గించి వాడండి.

మరి పోత ఇనుము? ఇంట్లో దానికి తిరుగులేదు. కానీ 12 అంగుళాల పోత ఇనుము పెనం మూడున్నర కిలోలకి పైనే ఉంటుంది. ఫ్లైట్‌లో బ్యాగుకి 23 కిలోలే కదా. పైగా చిన్న బర్నర్ మీద దాని మధ్యభాగం మాడుతుంది, అంచులు చల్లగా ఉంటాయి. దోశ నడుమ నలుపు, చుట్టూ పచ్చి. మేం తీసుకెళ్లింది ఇంట్లో చపాతీలకి వాడే 10 అంగుళాల మామూలు ఇనప పెనం. బరువు కిలో. దోశకీ అదే, చపాతీకీ అదే. తుడిచి, చుక్క నూనె రాసి పెట్టేస్తే పనైపోతుంది.

పిడి లేని గిన్నె గొప్పదనం

క్యాంపింగ్ సామాన్ల షాపుకెళ్లండి. 'విడదీసే హ్యాండిల్ ఉన్న, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెల సెట్టు' అని గాజు బీరువాలో పెట్టి, చేతికి అందనంత ధర చెబుతారు. అమ్మకి చూపిస్తే నవ్వేసింది. 'మన పట్టకారేగా ఇది!'

నిజమే కదా. పిడి ఉన్న గిన్నె ఎప్పుడూ అల్మరాలో రెండింతల చోటు తింటుంది. మన స్టీలు గిన్నెలకి పిడి ఉండదు. పెద్దదానిలో చిన్నది, దానిలో ఇంకా చిన్నది వరసగా దూరిపోతాయి. పట్టుకోవడానికి అన్నిటికీ కలిపి ఒకే పట్టకారు. ఒక ఇంటర్‌ఫేస్, ఎన్నో గిన్నెలు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు నేర్పిన డిజైన్ సూత్రం మా వంటింటి మేకుకి వేలాడుతోంది.

మా సర్దుడు ఇలా సాగింది. కుక్కర్‌లో రెండు లోపలి గిన్నెలు. వాటిలో పోపుల డబ్బా, గ్లాసులు. మూకుడులో టీ గిన్నె, దానిలో టీపొడి, చక్కెర. వెనకాల పెనం, కంచాలు. గరిటె, అట్లకాడ, చాకు, పట్టకారు తువ్వాల్లో చుట్టి పక్కన. మొత్తం తూకం వేస్తే 7 కిలోలు దాటలేదు. బండి నడుస్తుంటే గలగల ఉండకూడదంటే ప్రతి సందులో ఒక గుడ్డ ఉండాలి. స్టవ్ మీద ఏదీ వదలకూడదు. ఘాట్ రోడ్డులో బ్రేక్ వేస్తే కుక్కర్ కూడా ఫిరంగి గుండే.

నీళ్లు, ఎలుగుబంట్లు

ఆర్వీలో నీళ్ల ట్యాంకు ఉంటుంది, కానీ స్నానాలు, టాయిలెట్, వంట అన్నీ అందులోనే. వాడిన నీళ్లు ఇంకో ట్యాంకులోకి వెళ్తాయి. అది నిండితే మంచినీళ్లు ఎన్ని ఉన్నా కుళాయి తిప్పడానికి లేదు. కాబట్టి కడగడానికి తక్కువ నీళ్లు పట్టే గిన్నెలే మంచివి. ఇరుకు మూలలు, రివెట్లు, చెక్కిన డిజైన్లు ఉన్నవి వద్దు. గుండ్రటి అడుగు, నున్నటి లోపలి భాగం చాలు. జిడ్డుని ముందు కాగితంతో తుడిచి తర్వాత కడిగితే నీళ్లూ మిగులుతాయి, సింకు గొట్టమూ బాగుంటుంది.

'రేపు కడుగుదాంలే' అని గిన్నెలు బయట పెట్టడం అక్కడ కుదరదు. ఎల్లోస్టోన్‌లో ఆహారమే కాదు, వాసనొచ్చే వంట సామాను కూడా వాడనప్పుడు బండిలోనో, ఎలుగుబంటి తెరవలేని పెట్టెలోనో పెట్టాలన్నది నిబంధన. గిన్నెలు కడిగిన నీళ్లు నేల మీద పారబోయకూడదు. ఒకసారి మనిషి తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది. చివరికి దాన్ని చంపేయాల్సి రావచ్చు. మన పప్పు గిన్నె ఒక జంతువు ప్రాణం మీదికి తేగలదు. అందుకే రాత్రి గిన్నెలు కడిగి లోపల పెట్టేదాకా తమ్ముడికి ఫోన్ ఇవ్వలేదు. వండినవాళ్లు కడగకూడదన్నది మా రూలు. అమ్మ రెండు పూటలు వండింది. గిన్నె మాత్రం ఒక్కటీ కడగలేదు.

టెంట్ బ్యాచ్‌కి రెండు మాటలు

అనంతగిరి, అరకు, లంబసింగి వెళ్లి టెంట్ వేసే బ్యాచ్‌కీ ఈ లెక్కలే. అదనంగా ఇంకొన్ని ఉన్నాయి, ఇవి మాత్రం ప్రాణాలకి సంబంధించినవి.

పక్కన గ్యాస్ క్యాన్ దూర్చే చిన్న క్యాసెట్ స్టవ్ వాడుతున్నారా? దాని మీద వెడల్పాటి పెనం, పెద్ద గిన్నె పెట్టొద్దు. గిన్నె అంచు క్యాన్ పైకి వస్తే వేడి కిందికి కొట్టి క్యాన్ వేడెక్కుతుంది, పేలొచ్చు. రెండు స్టవ్‌లు పక్కపక్కన పెట్టి ఒకే పెద్ద గిన్నె ఎక్కించడం అసలే వద్దు. ఇక్కడ గిన్నె సైజు రుచికి సంబంధించింది కాదు, చావుబతుకులది.

టెంట్ లోపల ఏ స్టవ్ వెలిగించొద్దు, బొగ్గుల కుంపటి పెట్టొద్దు. వానొచ్చినా, చలేసినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే తీసుకుపోతుంది. ఆర్వీలో అయినా స్టవ్ వెలిగిస్తే కిటికీ తెరిచి, ఫ్యాన్ వేయాలి. చలి కాచుకోవడానికి స్టవ్ వాడకూడదు.

చలికాలం లంబసింగిలో తెల్లవారుజామున స్టవ్ వెలగట్లేదంటే స్టవ్ పాడైందని తిట్టుకోకండి. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది. చలి ప్రాంతానికి ప్రొపేన్ కలిసిన క్యాన్ కొనుక్కోండి. ఇక మూడు రాళ్లు పెట్టి పుల్లలతో వండుదాం అంటారా.. రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు రాజేయడం నేరం. అనుమతి ఉన్నచోటే పొయ్యి పెట్టండి.

కొనే ముందు టెస్టింగ్

కొత్త కోడ్‌ని నేరుగా ప్రొడక్షన్‌లోకి వదలం కదా. గిన్నెలకీ ఒక టెస్ట్ ఉంది, రూపాయి ఖర్చు లేదు. ట్రిప్‌కి రెండు వారాల ముందు ఒక శని, ఆదివారం ఎంచుకోండి. వంటింట్లో ఒక్క బర్నర్ మాత్రమే వాడండి. తీసుకెళ్దామనుకున్న గిన్నెలు పక్కన పెట్టి మిగతా అల్మరాకి తాళం వేయండి. వంటకీ, గిన్నెలు కడగడానికీ కలిపి రోజుకి ఒక 20 లీటర్ల క్యాన్ నీళ్లే. ఆదివారం రాత్రికి మీ లిస్టు దానంతటదే తేలుతుంది. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా చెయ్యి వేయని గిన్నె ఉంటే అది ఇంట్లోనే ఉంటుంది. తాళం తీయాలనిపించిన వస్తువు ఏదైనా ఉంటే అది మీతో వస్తుంది.

ఇంకో కాలమ్ కూడా చేర్చండి. ఆ రెండు రోజులూ గిన్నెలు ఎవరు కడిగారో రాయండి. అన్ని గడుల్లో ఒకటే పేరు కనబడితే మార్చాల్సింది గిన్నెల్ని కాదు బాస్!